పంతొమ్మిదో నంబరు ఇల్లు

"ఇద్రీసు వాళ్ళు ఈ ఊరికి ఎప్పుడొచ్చారో ఎవరికి తెలుసు? మన కళ్ళముందు మిషను తొక్కుతున్నాడు గనక మనోడంటున్నాం. అంతేగా!"

పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చుని పిచ్చయ్య అన్న మాట అది. అరిచి అనలేదు, కోపంగా అనలేదు. తమలపాకు ఈనె తీసుకుంటూ, ఈసారి ఎండలు ఎక్కువన్నంత మామూలుగా అన్నాడు. అందుకే ఇద్రీసుకు మరీ మండింది. తిట్టిన తిట్టు ఒకటి రెండు రోజులకు చల్లారుతుంది. మామూలుగా అన్న మాట చెప్పులో రాయిలా నడిచినంత సేపూ గుచ్చుతుంది.

ఇప్పలమడుగు ఏన్కూరు దాటాక అడివి అంచున ఉంటుంది. ఆ ఏడు రోడ్డు వెడల్పు చేశారు. బస్సులు ఆగే చోట ఉన్న పాకలన్నీ తీసేయమని చెప్పి, పంచాయతీ వాళ్ళు వెనకగా ఆరు గదులు కట్టించారు. అయిదు గదులు ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు. మిగిలింది ఆరో గది. దానికి ఇద్దరు పోటీ. ఒకడు ఆ జాగాలోనే ఇరవై ఏళ్ళ నుంచి తాటాకు పాక కింద బట్టలు కుడుతున్న దర్జీ ఇద్రీసు. రెండోవాడు ఊళ్ళో అందరికంటే ఎక్కువ పొలమున్న పిచ్చయ్య. అతను ఎరువుల కొట్టు పెడతాడట. ఎడ్లు కావలసినన్ని ఉన్నవాడికి మేకపిల్ల మీద మనసైనట్టు ఉంది సంగతి.

సెక్రటరీ సీతయ్య ఎవరినీ నొప్పించలేక, పాత కాపురస్తుడికే మొదటి హక్కని తీర్మానం రాశాడు. అక్కడే పిచ్చయ్య ఆ మాటన్నాడు.

"మేం నిజాం జమానా నుంచి ఈడనే ఉన్నం సార్," అన్నాడు ఇద్రీసు. "మా అబ్బా గీ ఊళ్ళెనే కుట్టిండు, గీ ఊళ్ళెనే సచ్చిపోయిండు."

"కాగితముందా?" అన్నాడు పిచ్చయ్య.

కాగితం! పిచ్చయ్య దగ్గర పహాణీలున్నాయి, శిస్తు రసీదులున్నాయి. పహాణీలో భూమి ఉన్నవాడు ఉంటాడు. సెంటు నేల లేని దర్జీ ఏ పహాణీలో ఉంటాడు? చచ్చిపోయిన తన తండ్రి బషీరు ఈ భూమ్మీద తిరిగాడనడానికి ఆ ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు.

సీతయ్య బుర్ర గోక్కుని, "ఒక్కటుందయ్యా," అన్నాడు. "యాభై ఒకటిల జనాభా లెక్కలు రాసినప్పుడు ఊరూరికి ఒక రిజిస్టరు కట్టిన్రు. ఇంటింటికి నంబరేసి, ఇంట్ల ఎంతమంది ఉంటే గంతమంది పేర్లు రాసిన్రు. భూమి ఉన్నదా లేదా అని చూడలె. మనిషైతే చాలు. చెదలు తినకుంటే ఖమ్మంల పాత కచేరిల ఉండాలె."

"శుభం!" అన్నాడు పిచ్చయ్య, తమలపాకు నోట్లో పెట్టుకుంటూ. "అదే ఖాయం చెయ్యండి. సోమవారం మీటింగులో ఎవరి పేరు అందులో ఉంటే వాడిదే గది. నా పేరు లేకపోతే నేనే తప్పుకుంటా."

నలభై రెండేళ్ళ పిచ్చయ్యకు ఆ లెక్కలు రాసేనాటికి రెండేళ్ళు నిండి ఉంటాయి. వాళ్ళ నాన్న వెంకటప్పయ్య కృష్ణా జిల్లా నుంచి బండ్లు కట్టుకుని వచ్చి ఇక్కడ భూములు కొన్నాడని ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు. ఆ సంగతి పిచ్చయ్యకు మాత్రం గుర్తుండదు.

ఇద్రీసు పాకకు తిరిగొచ్చేసరికి బల్ల మీద తెల్లటి పాప్లిన్ గుడ్డ పరిచి ఉంది. పిచ్చయ్య లాల్చీ గుడ్డే అది. సుద్దముక్క తీసుకుని భుజం గీత గీశాడు, వంకర పోయింది. తుడిచి మళ్ళీ గీశాడు. పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న అతని భార్య అమీనా బీ సూది ఆపకుండానే, "కోపం గుడ్డ మీద చూపియ్యకు. గుడ్డేం జేసింది?" అంది.

"నేను ఖమ్మం పోతున్న."

"పో. లాల్చీ కుట్టినంకనే పో. రేపు మాటొస్తది."

ఆ లాల్చీ కుట్టిన కుట్టు చూస్తే పగవాడిదని ఎవరూ అనలేరు.

*

ఖమ్మంలో పాత కచేరి వెనక గది తలుపు తీయగానే గబ్బిలాల వాసన కొట్టింది. దాని కాపలాదారు దేవ్‌సింగ్ ఖాకీ అంగీ వేసుకుని స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఇద్రీసు చెప్పిందంతా విని పేపరు తిప్పాడు.

"దర్కాస్తు పెట్టుకొనిపో. నెలయినంక రా."

"సోమారం కావాలె అన్నా."

"సోమారమా? గా బస్తాలు చూడు." లోపల గోడ పొడవునా ఎర్రగుడ్డ మూటలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. "గవన్నీ ఎవడు ఇప్పుతడు? నా అయ్య?"

ఇద్రీసు కళ్ళు మూటల మీద లేవు. దేవ్‌సింగ్ జేబు మీదున్నాయి. జేబు ఒక మూల ఊడిపోయి చెవిలా వేలాడుతోంది. దర్జీవాడికి ఊడిన జేబు కనిపిస్తే చేతులు ఊరుకోవు.

"అంగీ ఇప్పన్నా."

"ఎందుకు?"

"ఇప్పరాదే!"

కాలరు లోపల ఎప్పుడూ గుచ్చి ఉండే సూది తీశాడు, దారం ఎక్కించాడు. దేవ్‌సింగ్ బనీనుతోనే కూర్చుని చూస్తుండగానే జేబు కుట్టి, రెండు గుండీలు బిగించి, చంక కింద విడిపోయిన కుట్టు కూడా వేసి పళ్ళతో దారం తెంపాడు. దేవ్‌సింగ్ అంగీ తొడుక్కుని జేబులో చెయ్యిపెట్టి చూసుకున్నాడు. పేపరు మడిచి స్టూలు మీద పెట్టాడు.

"ఏ ఊరంటివి?"

ఆ పూటంతా ఇద్దరూ మూటలు విప్పుతూనే ఉన్నారు. ఒకదాంట్లో టేకులపల్లి వైపు ఊళ్ళు వచ్చాయి, ఇంకోదాంట్లో అటవీ శాఖ జరిమానాలు. మరోదాన్ని విప్పితే కాగితాలు లేవు, చెదల మట్టే జలజలా రాలింది. మా ఊరు కూడా మట్టైపోయిందేమో! తుమ్ములొచ్చాయి, కళ్ళు మండాయి. దేవ్‌సింగ్ ముక్కుకు రుమాలు కట్టుకుని నిచ్చెనెక్కాడు. ముందు విసుక్కున్న మనిషి ఇప్పుడు తనే "ఇగో, గిది కూడ చూడు" అంటూ మూటలు కిందికి పడేస్తున్నాడు. కచేరి మూసే వేళకు కూడా దొరకలేదు. ఇద్రీసు బస్టాండు బల్ల మీద పడుకుని, తెల్లారి దేవ్‌సింగ్ కంటే ముందే తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆ రోజు పొద్దున విప్పిన మొదటి మూటలోనే దొరికింది. నక్క తోక తొక్కి వచ్చాడేమో! అట్టలేని లావుపాటి రిజిస్టరు. మొదటి పేజీ మీద గుండ్రటి తెలుగు అక్షరాల్లో "ఇప్పలమడుగు" అని ఉంది.

"దొరికింది! అన్నా, మా ఊరే!"

నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని పేజీలు తిప్పసాగాడు. ఎంత చిత్రం! ఊరు ఊరంతా చిన్నదైపోయి ఆ కాగితాల్లో కూర్చుని ఉంది. తెల్లమీసాల పోతయ్య అందులో తొమ్మిదేళ్ళ పిల్లగాడు. వృత్తి: పశువులు కాయుట. నిన్నగాక మొన్న చనిపోయిన జంపక్క పదహారేళ్ళ కొత్త కోడలు. ప్రతి పేరుకూ ఇద్రీసు గట్టిగా నవ్వుతూ ఆ మనిషి ఇప్పుడెలా ఉన్నాడో దేవ్‌సింగ్‌కు చెప్పాడు. దేవ్‌సింగ్ తన ఊరివాళ్ళ గురించి వింటున్నట్టే విన్నాడు.

ఇంటి నంబరు పంతొమ్మిది.

బషీర్. వయస్సు ముప్పది. వృత్తి: దర్జీ. పుట్టిన ఊరు: ఇదే.

ఇద్రీసు వేలు అక్కడ ఆగిపోయింది. ఇదే! అబ్బా ఇక్కడ కాపురం ఉండటమే కాదు, ఇక్కడే పుట్టాడు! తనకే తెలియని సంగతి. అబ్బా పోయేనాటికి తనకు పదేళ్ళు. గుర్తున్నదల్లా తొడ మీద గుడ్డ పరుచుకుని వంగి కుట్టే వీపు. ఇప్పుడు ఆ వీపు ఇటు తిరిగి మొహం చూపించినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం మీద పడతాయని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

భార్య గులాబ్ బీ, ఇరవై ఆరు. కుమారుడు ఇద్రీస్, ఆరు.

"నేనే! చూడన్నా, గిది నేనే!"

దేవ్‌సింగ్ కూడా వంగి చూశాడు. "మరి గీయన ఎవరే? మీ తమ్ముడా?"

కింద ఇంకో గీత ఉంది. కుమారుడు పిచ్చయ్య, రెండు.

ఇద్రీసు నొసలు ముడిపడింది. తనకు తమ్ముడెవరు? తర్వాత పుట్టిన చెల్లెలు ఒక్కతే. ఇప్పలమడుగులో అప్పుడు రెండేళ్ళున్న పిచ్చయ్య ఇంకెవరు? ఏదో తోచి గబగబా కిందికి చూశాడు. ఇంటి నంబరు ఇరవై ఒకటి. వెంకటప్పయ్య, ముప్పది ఐదు, వ్యవసాయం, పుట్టినది కృష్ణా జిల్లా. భార్య రాఘవమ్మ, ఇరవై ఏడు. పిల్లలు: లేరు.

పిల్లలు లేరు!

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఎప్పుడొచ్చారో ఎవరికి తెలుసన్న పిచ్చయ్య తన సొంత ఇంట్లోనే లేడు! ఉన్నది దర్జీ బషీరు ఇంట్లో! ఎలా జరిగిందో తెలియదు, ఎందుకు జరిగిందో తెలియదు, కానీ సర్కారు రాసిన రాత.

రెండిళ్ళ లెక్కకూ నకలు రాయించి ముద్ర వేయించుకుని బస్సెక్కిన ఇద్రీసు సీటున్నా కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు. సోమవారం ఎక్కడ నిలబడాలి, ఏ మాట దగ్గర ఆగాలి, పిచ్చయ్య మొహం ఎలా మాడిపోతుంది, అంతా కళ్ళముందు ఆడింది. కండక్టరు రెండుసార్లు టికెట్టు అడిగాడు.

*

గులాబ్ బీ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కొడుకు చదివింది చివరిదాకా విని చేట ఆపింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

"రాసిండా జనాభా లెక్కలకొచ్చిన ఆ బడి పంతులు! నేను చెప్పింది చెప్పినట్టే రాసిండు."

"ఏం చెప్పినవ్ అమ్మీ?"

"నా బిడ్డే అన్న. నా బిడ్డే కదా మరి. చేటెడు తవుడుకు కొనుక్కున్న."

ఇద్రీసు అరుగు మీద కూలబడ్డాడు. అమీనా బీ కూడా సూది పక్కన పెట్టి వచ్చింది.

ఈ అడివి జ్వరాలకు రాఘవమ్మ వరసగా ముగ్గురు పిల్లలను పోగొట్టుకుంది. నాలుగోవాడు పుట్టగానే, పిల్లలు నిలిచిన ఇంటికి అమ్మెయ్యమని పెద్దవాళ్ళు చెప్పారు. రాఘవమ్మ నెలలపిల్లాణ్ణి గుడ్డలో చుట్టి తెచ్చి గులాబ్ బీ ఒడిలో పెట్టి, చేటెడు తవుడు తీసుకుని వెనక్కి చూడకుండా పోయింది. అమ్మకం మాటవరసకే. పిల్లాడు మళ్ళీ రాఘవమ్మ ఇంట్లోనే పెరిగాడు, ఆమె పాలే తాగాడు. కానీ వాడు ఎవరివాడంటే గులాబ్ బీ పేరే చెప్పాలి. ఎవరికీ అక్కర్లేనివాడనుకుని చావు వదిలెయ్యాలని పిచ్చయ్య అని పేరు పెట్టారు.

"ఎర్రమన్నుతోటి గోడకు నంబరేసి పంతులొచ్చిండు," అంది గులాబ్ బీ. "రాఘవమ్మ పిల్లగాన్ని సంకనేసుకొని దొడ్డి దారిన నా దగ్గరికి ఉరికొచ్చింది. 'గులాబమ్మా, వీన్ని మా ఇంట్ల రాయిస్తే సర్కారు లెక్కల పడతడు. సర్కారు లెక్కల పడ్డోడు యముని లెక్కల గూడ పడతడు. నీ ఇంట్ల చెప్పు' అన్నది. గజగజ వణుకుతుంటే నేనే ధైర్యం జెప్పిన. పంతులు అడిగిండు, ఎవరి బిడ్డమ్మా అని. నా బిడ్డే అన్న."

"అమ్మీ!" ఇద్రీసు తొడ చరిచాడు. "సోమారం చదువుతా చూడు! తవుడుకు అమ్ముడుపోయినోడు మనల్ని పరాయోళ్ళంటడా? ఊరంత నవ్వాలె!"

గులాబ్ బీ నవ్వు ఆగిపోయింది.

"చదవద్దు."

"ఏంది?"

"మీ అబ్బా పేరు చదువు. నా పేరు చదువు. నీ పేరు చదివి మడిచెయ్. గంతే చాలు నీకు గది వచ్చెటందుకు."

"గంత మాటన్నోన్ని వదిలిపెట్టాల్నా?"

"వాళ్ళమ్మ వాన్ని తిరిగి కొనుక్కోలే బేటా. పెండ్లినాడు చీర పెట్టి కొనుక్కుంటనన్నది. పెండ్లినాడు మళ్ళ బుగులు పడ్డది, ఇంకో ఏడాది పోనీ అన్నది. గట్లనే అనుకుంట అనుకుంట ఆమె పోయింది. నా పేరు బయటపెడితే దిష్టి తగుల్తదని వానికి సుత చెప్పలే. వాడింకా నా లెక్కలనే ఉన్నడు." చేట మళ్ళీ అందుకుంది. "నా బిడ్డ మీద ఊరిని నవ్వించడానికి నిన్ను ఖమ్మం పంపలే నేను."

ఇద్రీసుకు ఏడుపొచ్చినంత పనైంది. రెండు రోజులు దుమ్ము తిని తెచ్చిన మాట! చేతిలోకొచ్చిన పిట్టను వదిలెయ్యమంటే ఎవడికి మనసొప్పుతుంది? సాయంత్రం దాకా వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. అన్నం తిననన్నాడు. చివరికి నకలును తన పేరు దగ్గర మడిచి, మడత మీద గోరుతో గట్టిగా రుద్దాడు.

*

సోమవారం పంచాయతీ ఆఫీసు వరండా నిండిపోయింది. ఖమ్మం నుంచి కాగితం వచ్చిందన్న వార్త ముందే పాకింది. ఆడవాళ్ళు కూడా వచ్చి గోడవారగా కూర్చున్నారు. గులాబ్ బీ కొంగు తల మీదికి లాక్కుని వాళ్ళ మధ్యలో ఉంది.

ఇద్రీసు లేచి నిలబడ్డాడు. మెల్లగా మొదలుపెట్టాడు. కానీ అబ్బా పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతటదే లేచింది.

"ఇంటి నంబరు పంతొమ్మిది. బషీర్, ముప్పై ఏండ్లు, దర్జీ. పుట్టిన ఊరు ఇదే!"

తెల్లమీసాల పోతయ్య, "అవ్, ఈడనే పుట్టిండు. మా అయ్య చెప్పెటోడు," అన్నాడు. అప్పటిదాకా ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు.

"భార్య గులాబ్ బీ. కుమారుడు ఇద్రీస్, ఆరేండ్లు." నకలును మడత మీద మడిచాడు. "గంతే సార్."

పిచ్చయ్యకు అక్కడే అనుమానమొచ్చింది. కాగితం కింది సగం అలాగే ఉంది. "అంతే ఏంటి? కింద ఇంకా రాసుంది కదా. సగం చదివి మడిచేస్తే ఎలా? ఏం దాస్తున్నావు?"

"నాకు పనికొచ్చేది గంతే."

"నాకు పనికొచ్చేది నేను చదువుకుంటా. ఇటియ్యి." చెయ్యి చాచి కాగితం లాక్కున్నాడు. ఇద్రీసు తల్లి వైపు చూశాడు. ఏం చేస్తాడు?

పిచ్చయ్య అందరికీ వినిపించేలా మొదలుపెట్టాడు. "కుమారుడు ఇద్రీస్, ఆరు. కుమారుడు..."

ఆగిపోయాడు. కళ్ళు గబగబా కిందికి దిగి, ఇరవై ఒకటో నంబరు దగ్గర నిలిచిపోయాయి. వాళ్ళ నాన్న పేరుంది. వాళ్ళమ్మ పేరుంది. ఆ పక్కన ఉన్న రెండు మాటలు మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. కాగితం పట్టుకున్న చెయ్యి కిందికి వాలిపోయింది.

"ఏందండీ?" అన్నాడు సీతయ్య. "మీ పేరు కనపడ్డదా?"

"మా అమ్మా నాన్నా ఉన్నారు."

"మీరో?"

వెనకనుంచి ఎవరో, "లేకుంటే తప్పుకుంటనన్నడుగా!" అన్నారు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరండా అంతా అంటుకునేలోపే గోడవార నుంచి గులాబ్ బీ లేచింది.

"ఉన్నది," అంది. "మా పంతొమ్మిదో నంబరుల ఉన్నది. నేనే రాయించిన. రాఘవమ్మకు తవుడిచ్చి కొనుక్కున్న బిడ్డ గీ పిల్లగాడు. నవ్వెటోళ్ళు నన్ను జూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళలో పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలాడించారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ తవుడుకు అమ్మిన పిల్లలున్నారు.

పిచ్చయ్య ఆమె వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. "అమ్మ చెప్పేది," అన్నాడు మెల్లగా. "చేటెడు తవుడుకు నిన్ను అమ్మానురా అని. ఎవరికమ్మావే అంటే నోరు నొక్కేది. చచ్చేదాకా చెప్పలేదు."

"చెప్పొద్దు బిడ్డా. నువ్వు బతకాలని చెప్పలే."

ఇద్రీసు ఎన్నిసార్లు అనుకున్నాడో ఈ మొహం మాడిపోతే చూడాలని. ఇప్పుడు చూస్తుంటే ఆ మొహంలో మాడటం ఏమీ కనిపించలేదు. ఎప్పుడో తప్పిపోయిన పిల్లాడు బజార్లో నిలబడి దిక్కులు చూస్తున్నట్టుంది.

సీతయ్య కలం మూత తీసి ఇబ్బందిగా దగ్గాడు. "ఇగ నాదేం తప్పు లేదు, తీర్మానం మీరు చేసిందే. రిజిస్టరుల ఇద్దరి పేర్లూ ఉన్నయ్. ఇద్దరికీ హక్కున్నది. కానీ ఇల్లు ఒకటే, గది ఒకటే. ఎవరి పేరు రాయమంటరు?"

ఇద్రీసు నోరు తెరిచేలోపే పిచ్చయ్య నకలును మడిచాడు. నాలుగు మడతలూ సరిగ్గా పెట్టి, రెండు చేతులతో గులాబ్ బీకి అందించాడు.

"అన్న పేరు రాయండి," అన్నాడు.

సీతయ్యకు వెంటనే అందలేదు. "ఎవరి పేరండీ?"

"ఇద్రీసు పేరు. మా ఇంట్లో పెద్దోడు ఆయనే."